అడుగు నూనె

"నాలుగు వేళ్ళ లోతు నూనె. దానికోసం పొద్దున్నుంచీ నా ప్రాణం తోడేస్తోంది," అని ముక్తాబెన్ గోడకు చెప్పింది.

చెప్పింది గోడకే అయినా వినాల్సింది వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు. ఝంఖనా ఒక చేత్తో నూనె కోఠీ మూత పట్టుకుని, ఇంకో చేత్తో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది. కోఠీ అంటే నడుమెత్తు రేకు పీపా. గుజరాత్‌లోని గోండల్‌లో ఆ వీధిలో చాలా ఇళ్ళవాళ్ళు ఏడాదికి సరిపడా వేరుశనగ నూనె అలాంటి పీపాల్లోనే పోసుకుంటారు. ఈ ఇంటి పీపా తీరు వేరు. అది ఎన్నడూ ఖాళీ కాలేదు. కొత్త నూనె డబ్బాలు వచ్చేసరికి అడుగున కొంత పాత నూనె మిగిలే ఉండాలి. దాని మీదే కొత్తది పోయాలి. ముక్తాబెన్ అత్తగారి నాటి నుంచీ అదే పద్ధతి. కోఠీ అడుగు కంటబడితే ఇంటి బరకత్తు ఆ అడుగులోంచే కారిపోతుందని ఆమె నమ్మకం.

అందువల్ల ఆ అడుగున ఉన్న నూనె ఏ ఏటిదో ఎవరూ చెప్పలేరు. పైన పసుపుపచ్చగా తేటగానే కనిపిస్తుంది. గరిటె అడుగుకు దించితే మాత్రం బంకలా సాగుతూ గోధుమరంగు తెట్టు పైకి వస్తుంది. ఆ వాసనకు పేరు పెట్టడం కష్టం. తలనూనె పట్టిన దిండు గలీబును వర్షాకాలమంతా ఉతక్కుండా పెట్టెలో కుక్కితే వచ్చే కనరు కంపు అది. గొంతులో దిగబడిపోతుంది. మంచినీళ్ళు తాగినా పోదు.

ఈ ఏడు ఆ కోఠీని పూర్తిగా వంచి, కడిగి, ఎండబెట్టాకే కొత్త నూనె పోద్దామని ఝంఖనా అడిగింది. పొద్దున టీ వేళ మొదలైన మాట మధ్యాహ్నం దాకా నలుగుతూనే ఉంది.

హాల్లో ఊయలబల్ల మీద కూర్చున్న మామగారు జమనాదాస్ ఇద్దరినీ కలిపి ఒకటే మాట అన్నాడు. "టీచరమ్మది పరీక్ష పాసైన ముక్కు. మనవి ఫెయిలైన ముక్కులు. వాదించి ఏం లాభం?"

"ఆ ముక్కుతోనే పదేళ్ళు మన పూరీలు తిన్నది కదా. అప్పుడు రాని కంపు ఇప్పుడెందుకు వచ్చిందో అడగండి," అంది ముక్తాబెన్.

అది అబద్ధం. కంపు మొదటి రోజు నుంచీ ఉంది. కాపురానికొచ్చిన కొత్తల్లో వేయించినదేదైనా ఎదురుగా పెడితే ఝంఖనాకు కడుపులో తిప్పేది. నెల తప్పిందేమోనని అత్తగారు చుట్టుపక్కల ఇళ్ళలో చెప్పి వచ్చింది. కాదని తేలాక, పుట్టింటివాళ్ళు గారాబం చేసి పాడుచేశారని సరిపెట్టుకుంది. తరవాత ఝంఖనా ఊపిరి బిగబట్టి తినడం నేర్చుకుంది. ఇంకొన్నాళ్ళకు ఊపిరి బిగబట్టకుండానే తినడం వచ్చేసింది. సెలవులకు పుట్టింటికి వెళ్ళి తిరిగొచ్చిన రోజున మాత్రం గుమ్మంలో అడుగు పెడుతూనే ఆ వాసన ముఖాన కొట్టేది. రెండు రోజులకు మాయమైపోయేది. మాయమైపోవడమే ఆమెకు ఎక్కువ రోతగా ఉండేది.

ఇప్పుడు ఎందుకు అడిగిందంటే, కారణం హీర్. ఎనిమిదేళ్ళ కూతురు. కిందటి వారం ఝంఖనా చిన్న ప్యాకెట్ నూనె కొనుక్కొచ్చి ఆ పిల్లకు వేరుగా పూరీలు వేయించింది. పిల్ల సగం పూరీ కొరికి పక్కన పెట్టేసింది. దీనికి రుచే లేదు, బా చేసినట్టు లేదు అంది. బా అంటే నాయనమ్మ, ఇంట్లో అందరూ ముక్తాబెన్‌ను అలాగే పిలుస్తారు. లేనిదేమిటో తల్లికి తెలుసు. పిల్ల నాలుక ఆ కనరుకు అలవాటు పడిపోయింది. తిండి అంటే అలాగే ఉండాలని అనుకుంటోంది. ఆ సగం పూరీని చూస్తూ ఝంఖనా చాలాసేపు కూర్చుంది. తన సంగతి ఎలాగూ అయిపోయింది. పిల్ల కంచంలోంచి మాత్రం ఆ పాత నూనె పోవాలి. ఆమెకు కావలసింది అంతే.

ఆమె పన్నెండో తరగతికి రసాయనశాస్త్రం చెబుతుంది. ఆ వారం పాఠం చర్యల వేగం గురించి. ప్రతి ఏడూ పిల్లలు చేసే తప్పే ఈసారీ చేశారు. బోర్డు మీద సమీకరణం రాయగానే అందులోని అంకెలు చూసి చర్యా క్రమాంకం ఒకటి, రెండు అని అరిచారు. ప్రతి ఏడూ చెప్పే మాటే ఆమె మళ్ళీ చెప్పింది. క్రమాంకం కాగితం మీద ఉండదు, పాత్రలో ఉంటుంది. ఉన్న పదార్థాన్ని రెట్టింపు చెయ్యండి. వేగం మారకపోతే క్రమాంకం సున్నా, రెట్టింపయితే ఒకటి, నాలుగింతలయితే రెండు. చేసి చూడకుండా ఎవరికీ తెలియదు.

బెల్లు కొట్టాక స్టాఫ్ రూములో కూర్చుంటే ఆ మాట తనకే తిరిగి తగిలింది. పదేళ్ళుగా ఆ కోఠీ గురించి తను కూడా కాగితం చూసే మాట్లాడుతోంది. నూనె చెడడం పుస్తకంలోని మామూలు చర్యలాంటిదే అనుకుంది. అలా అయితే అడుగు నూనె కలిసినంత మేరకే కలుస్తుంది, పదింతల కొత్త నూనెలో పలచబడిపోతుంది. మిగతాది దాని మానాన అది నిదానంగా పాడవుతుంది. అత్తగారు "ఇంత కొత్త నూనెలో ఆ నాలుగు వేళ్ళ నూనె ఏం చేస్తుందే" అన్నప్పుడల్లా తన దగ్గర జవాబు లేకపోవడానికి కారణం అదే. ముక్కు ఒకటి చెబుతోంది, బుర్రలో లెక్క ఇంకోటి చెబుతోంది.

ఆ సాయంత్రమే ఖాళీ పచ్చడి సీసాలు కడిగింది. మూడింటిలోనూ సమంగా ప్యాకెట్‌లోని కొత్త నూనె పోసింది. మొదటిదాంట్లో ఇంకేమీ కలపలేదు. రెండోదాంట్లో కోఠీ అడుగు నూనె ఒక గరిటె, మూడోదాంట్లో రెండు గరిటెలు. మూడింటినీ డాబా మీద భాద్రపదం ఎండలో పెట్టింది. రెండో సీసాకు కవలలాంటిది ఇంకోటి చేసి, చల్లగా ఉండే సామాన్ల గదిలో మూల పెట్టింది. ముక్తాబెన్ చూసి, మందులకొట్టు పెడుతున్నావా అంది. హీర్ వాటికి కాపలా కాస్తానంది.

ఇంట్లోవాళ్ళ ముక్కులను నమ్ముకుని లాభం లేదు కనుక, వారానికోసారి ఒక్కో సీసాలోంచి కాస్త తీసి బడి ప్రయోగశాలకు పట్టుకెళ్ళేది. నూనె చెడేకొద్దీ అది, తనలో కలిపిన అయొడైడ్ ద్రావణంలోంచి అయొడిన్‌ను బయటికి తోస్తుంది. రంగు ఎంత ముదిరితే నూనె అంత చెడ్డట్టు. మొదట మూడింటి రంగులూ దాదాపు ఒకటే, గడ్డిపోచ రంగు. తరవాతి వారం రెండోది కొంచెం ముదిరింది, మూడోది ఇంకా ముదిరింది. ఆ పైవారం చూసి ఝంఖనా పరీక్షనాళికలను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని నిలబడిపోయింది.

పాత నూనె తన మానాన తను ఉంటే మూడు సీసాల మధ్య మొదట్లో ఉన్న తేడానే చివరిదాకా ఉండాలి. అలా లేదు. తేడా పెరుగుతోంది. రెండు గరిటెలు పడ్డ సీసా, ఒక గరిటె పడ్డ సీసాకు రెట్టింపు జోరుతో చెడుతోంది. ఇక్కడ వేగాన్ని నడిపిస్తున్నది మంచి నూనె కాదు, చెడిన నూనె. చెడిందే చెడగొడుతోంది. అది ఎంతుంటే అంత జోరు. ఆ అడుగున ఉన్న నాలుగు వేళ్ళ నూనె పలచబడి పోయేది కాదు. ఏటేటా కోఠీ నిండా కొత్త నూనె దొరుకుతోంది దానికి.

లెక్క కుదిరినందుకు సంతోషం కలగాలి. కలగలేదు. ఇన్నాళ్ళు తను మింగినదంతా ఒక్కసారిగా గుర్తొచ్చి నోట్లో నీళ్ళు ఊరాయి. వాంతికి ముందు ఊరే నీళ్ళు.

నాళికలను మూత బిగించి ఇంటికి తెచ్చింది. భోజనాలయ్యాక వరసగా పెట్టి చూపించింది. వాసన చెప్పలేనిది రంగు చెప్పింది. గడ్డి రంగు, టీ రంగు, కషాయం రంగు. జమనాదాస్ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. ముక్తాబెన్ దూరం నుంచే చూసింది.

"పాలకు తోడు ఎంత వేస్తావు బా?" అని అడిగింది ఝంఖనా.

"ఎంత వేస్తారు, చిటికెడు."

"చిటికెడే కదా అని ఊరుకుంటుందా? గిన్నెడు పాలూ తోడుకుంటాయి. రెండు చిటికెలు వేస్తే ఇంకా తొందరగా తోడుకుంటాయి. కోఠీలో మనం ఏటేటా తోడు వేస్తున్నాం."

ముక్తాబెన్, మా అత్తగారు తోడు వేసిందో విషం పోసిందో, ఆమె చేతి కింద ఈ ఇల్లు మాత్రం చల్లగానే ఉందని గొణిగి లేచి వెళ్ళిపోయింది. అయితే ఆ రోజు నుంచీ కోఠీ మూత తీసినప్పుడు ఆమె ముఖం కొంచెం పక్కకు తిప్పుకోవడం ఝంఖనా గమనించింది.

నిజంగా విన్నవాడు విపుల్. ఝంఖనా భర్త. తండ్రికి జబ్బు చేసినప్పుడు బీయస్సీ మధ్యలో వదిలేసి, శనగపిండితో కారప్పూసలా వేయించే గాఠియా అమ్మే కొట్టు చూసుకోవడం మొదలుపెట్టాడు. కొట్టు పేరు చుట్టుపక్కల ఊళ్ళ దాకా తెలుసు. భార్య ఉద్యోగాన్ని అతను ఎప్పుడూ వద్దనలేదు, పట్టించుకోనూ లేదు. అలాంటివాడు మర్నాడు సాయంత్రం ఊయలబల్ల మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

"సామాన్ల గదిలో పెట్టావే ఇంకో సీసా, దాని సంగతేమిటి?" అన్నాడు.

దాని సంగతి చెప్పింది. అందులోనూ ఒక గరిటె పాత నూనే, అదే తీరున చెడుతోంది, కానీ చాలా నెమ్మదిగా. ఎందుకంటే వేగంలో రెండు భాగాలున్నాయి. ఒకటి, ఎంత పదార్థం ఉందన్నది. రెండోది ఒక అంకె. దాన్ని రేటు స్థిరాంకం అంటారు. గరిటె నూనె పోసినా పీపా నూనె పోసినా ఆ అంకె మారదు. వేడి మారితే మారుతుంది. వెలుతురు తగిలినా, తుప్పురేకు తగిలినా మారుతుంది. చల్లగా, చీకటిగా, గాలాడకుండా పెడితే అది చిక్కిపోతుంది. అందుకే అదే నూనె డాబా మీద పరుగెత్తింది, లోపల నడిచింది.

అతను మంచి ప్రశ్నలు వేశాడు. మొదట్లో చాలా రోజులు వాసనే తెలియకుండా ఉండి తరవాత ఒక్కసారిగా ఎందుకు గుప్పుమంటుంది? చెడు కొద్దిగా ఉన్నప్పుడు జోరూ కొద్దిదే కదా, పెరిగేకొద్దీ జోరు పెరుగుతుంది, ముక్కుకు అందే హద్దు దాటాకే మనకు తెలుస్తుంది అని చెప్పింది. ఆ హద్దు ఎప్పుడు దాటుతుందో ముందే చెప్పొచ్చా? చెప్పొచ్చు. వేళ్ళ మీద లెక్క కట్టి చూపించింది. చలికాలానికి ఇంత, వేసవికి ఇంత.

"అంటే రెండు తాళంచెవులు. ఎంత పాతది కలిసిందో ఒకటి, ఎంత చల్లగా పెట్టామో రెండోది," అన్నాడు విపుల్.

తన క్లాసులో ఒక్క పిల్లా ఇంత శుభ్రంగా చెప్పలేదనుకుంది ఝంఖనా. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి తన చదువు ఈ ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. ఆ రాత్రి హీర్‌కు జడ విప్పుతూ ఏదో పాట కూడా పాడుకుంది.

దీపావళి ముందు ఇల్లు దులిపే రోజుల్లో, అడక్కుండానే, కోఠీ వంచుకోండి అంది ముక్తాబెన్. తను మాత్రం అక్కడ ఉండనని గుడికి వెళ్ళిపోయింది. విపుల్, ఝంఖనా కలిసి వంచారు. పైన నూనె దిగిపోయాక అడుగున మిగిలింది నూనె కాదు. చీము రంగులో గడ్డకట్టిన జిగురు, దానిలో ఈగ రెక్కలు, ఎప్పటిదో ఒక అగ్గిపుల్ల, నల్లగా ఊడివచ్చిన తుప్పు పెచ్చులు. ఝంఖనా మోచేతి దాకా చెయ్యి పెట్టి గీకింది. వేడినీళ్ళు, సోడా, బూడిద వేసి ఎంత కడిగినా జారుడు ఒక పట్టాన పోలేదు. రెండు రోజులు ఆమె గోళ్ళలోంచి ఆ కంపు వచ్చింది. అన్నం చెంచాతో తిన్నది. అయినా మనసు తేలిగ్గా ఉంది. కొట్టు వెనక గాఠియా వేయించే చోట ఇంతకు నాలుగింతల పీపా ఒకటుంది, దానికీ ఇదే ఆనవాయితీ. దాన్ని కూడా కడిగించేశానని విపుల్ చెప్పాడు. రెండిట్లోంచీ తీసిన పాత నూనెను డబ్బాల్లో పోసి సబ్బులవాడికి ఇచ్చేస్తానన్నాడు. ఆమె నమ్మింది.

దీపావళి వెళ్ళింది. లాభ పంచమికి కొట్టు తలుపులు మళ్ళీ తెరిచారు. కార్తీక ఏకాదశికి గిర్నార్ కొండ చుట్టూ ప్రదక్షిణ మొదలవుతుంది. అడవిలో నడిచే జనానికి ఉచితంగా తిండి పెట్టే అన్నక్షేత్రాల్లో ఒకదానికి ఏటా వీళ్ళ కొట్టు నుంచే గాఠియా వెళుతుంది. అది నడిపే వజుభాయ్ జునాగఢ్ నుంచి స్వయంగా టెంపో వేసుకుని వస్తాడు. ఈసారి ఆర్డరు పెద్దది కావడంతో వంటశాలలో పొయ్యిలు ఆరడం లేదు.

బడికి సెలవులు. మధ్యాహ్నం హీర్ గొడవ చేస్తుంటే దాన్ని తీసుకుని ఝంఖనా కొట్టుకు వెళ్ళింది. వెనక సందులోంచి వంటశాల గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

ముందు తన చేతులు వాసన చూసుకుంది. గోళ్ళలో మిగిలిందేమో అనుకుంది. చేతులకు సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. వాసన మూకుడులోంచి వస్తోంది. మరుగుతున్న నూనె మీది ఆవిరిలో ఆ దిండు గలీబు కంపు, వాము ఘాటు వెనక దాక్కుని, వెచ్చగా, బతికున్నదానిలా.

వంటవాడు గిరిధర్ మహారాజ్ జంతికల గొట్టంలోంచి పిండి మూకుడులోకి వత్తుతున్నాడు. ఏ నూనె వేస్తున్నారని అడిగితే దాచలేదు. అతనికి దాచాల్సిన విషయమని కూడా తెలియదు.

"కొత్త నూనే భాభీ. డబ్బాకి ఒక లోటా పాతది కలపమన్నారు విపుల్‌భాయ్. ఎక్కువ వెయ్యొద్దు, తక్కువా వెయ్యొద్దు, కొలిచి వెయ్యమన్నారు. ఇదివరకు చేతికొచ్చినంత పోసేవాళ్ళం. ఈ ఏడు అంతా పద్ధతి ప్రకారం నడుస్తోంది."

డబ్బాకి ఒక లోటా. ఝంఖనా మనసులో ఆ కొలత చిన్నదవుతూ వచ్చి పచ్చడి సీసాకు ఒక గరిటె అయింది. తన రెండో సీసా. డాబా మీద తను పెట్టుకున్న సీసా.

పక్కన కరకరమని చప్పుడైంది. హీర్ పళ్ళెంలోంచి గాఠియా తీసుకుని నములుతోంది. "మమ్మీ, ఇది బాగుంది. బా పూరీలాగా ఉంది," అంది. ఝంఖనా వంగి కూతురి దవడ పట్టుకుని, నోట్లో వేలు పెట్టి, నమిలిన ముద్దను తన అరచేతిలోకి తీసింది. పిల్ల బిత్తరపోయి ఏడవడం కూడా మరిచిపోయింది. అరచేతిలో ఆ తడి ముద్ద వెచ్చగా ఉంది. దాన్ని ఎక్కడ పారెయ్యాలో తెలియక ఝంఖనా అలాగే పట్టుకుని ముందు కొట్టులోకి నడిచింది.

విపుల్ గల్లా దగ్గర ఉన్నాడు. మనిషి శుభ్రంగా ఉంటాడు. తెల్లచొక్కా, దువ్విన తల. ఆమె చేతిలోది చూసి పక్కనున్న కాగితం ముక్క అందించాడు.

"సబ్బులవాడికి ఇస్తానన్నారు," అంది ఆమె.

"ఇద్దామనే అనుకున్నా. నువ్వు చెప్పిన లెక్క విన్నాక పారబొయ్యడం తెలివితక్కువ అనిపించింది." అతను గొంతు తగ్గించాడు కానీ తడబడలేదు. "మామూలు గిరాకీకి శుభ్రమైన నూనే వాడుతున్నాను, కావాలంటే చూసుకో. ఇది ప్రదక్షిణ సరుకు ఒక్కటే. కార్తీకం చలి. ప్యాకెట్లు సీలు వేసి చీకటి గదిలో పెట్టించాను. నీ అంకె ప్రకారం నెల దాటితే గానీ వాసన పైకి రాదు. వాళ్ళు అంతకంటే ముందే తినేస్తారు."

"వాసన రాకపోతే చెడనట్టేనా?"

"తినేవాడికి తెలియనప్పుడు చెడితేనేం, చెడకపోతేనేం? అడవిలో నడిచి నడిచి ఆకలి మీద ఉంటారు. ముప్పై ఏళ్ళు మా అమ్మ అదే నూనె అందరికీ పెట్టింది."

"బా తెలియక పెట్టింది. తెలిసిన రోజున కోఠీ వంచమంది."

విపుల్ నవ్వాడు. టీచర్‌బెన్‌కు కోపమొచ్చిందే అన్నాడు. తరవాత బుజ్జగిస్తున్నట్టు చెప్పుకుపోయాడు. బజారులో ప్రతి ప్యాకెట్ మీదా ఒక తేదీ ఉంటుంది కదా, అదెక్కడి నుంచి వచ్చిందనుకున్నావు? వాళ్ళూ నీలాంటివాళ్ళను పెట్టుకుని ఇదే స్థిరాంకం కట్టించుకుని, ఇదే లెక్క వేయించుకుంటారు. నేను ఇంట్లోనే వేయించుకున్నాను, అంతే. నువ్వు లేకపోతే నాకు ఇంత బాగా అర్థమయ్యేది కాదు.

స్థిరాంకం అన్న మాటను అతను సరిగ్గా ఆమె పలికినట్టే పలికాడు. ఆ రోజు ఊయలబల్ల మీద ఎంత ముద్దుగా వినిపించిందో ఇప్పుడు అంత రోతగా వినిపించింది. అతను పక్కకు జరిగి చోటిచ్చిన సాయంత్రం, వేళ్ళ మీద తను లెక్క కట్టడం, రాత్రి తను పాడుకున్న పాట, అన్నిటి మీదా జిడ్డు పేరుకున్నట్టయింది. తేదీ సంగతి అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ లెక్క అదే లెక్క. అయితే ఆ తేదీ వేసేవాడు మంచి సరుకు ఎన్నాళ్ళు మంచిగా ఉంటుందో చూసుకుంటాడు. ఇతను చెడ్డ సరుకు ఎన్నాళ్ళు దొరక్కుండా ఉంటుందో చూసుకున్నాడు. ఆ మాట అతనితో అంటే దానికీ ఒక జవాబు తయారుగా ఉంటుందని తెలిసి అనలేదు. కాగితంలో చుట్టిన ముద్దను బయట మురుగులో పడేసి, చెయ్యి కడుక్కుని, పిల్లను తీసుకుని ఇంటికి వచ్చేసింది.

ఇంటికొచ్చాక ఒకసారి పుట్టింటికి వెళ్ళిపోదామనిపించింది. వెళ్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ప్యాకెట్లు టెంపో ఎక్కుతాయి. తను తిరిగొస్తే గుమ్మంలో రెండు రోజులు వాసన తెలుస్తుంది, తరవాత తెలియదు. ఈ కొత్త వాసన కూడా అంతే. విపుల్ తెలివిని ఇల్లంతా మెచ్చుకుంటుంది, వచ్చే ఏడు ఇంకో లెక్క అడుగుతాడు, ఊపిరి బిగబట్టి చెప్పడం తనకు అలవాటవుతుంది. ఇంకొన్నాళ్ళకు బిగబట్టాల్సిన పని కూడా ఉండదు. పెరట్లోకి వెళ్ళి నిజంగానే కక్కుకుంది.

మొహం కడుక్కొచ్చేసరికి ముక్తాబెన్ ఏమయిందని అడిగింది. కొట్టులో వాసన పడలేదని మాత్రం ఝంఖనా చెప్పింది. కడిగిన కోఠీలో కొత్త నూనె పోసి ఇన్ని రోజులైనా తృప్తి లేదా తల్లీ అంటూ ఆమె నిమ్మకాయ నీళ్ళు కలిపి ఇచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని ఝంఖనా అత్తగారిని చాలాసేపు చూసింది. ఎన్నో ఏళ్ళు ఈమె మీద పెట్టుకున్న ఏవగింపు ఇప్పుడు వెతికినా దొరకలేదు.

సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నారు. ఖిచిడీ, కఢీ, వేయించిన అప్పడాలు. విపుల్ హుషారుగా ఉన్నాడు. ఆర్డరు పూర్తయిందని, రేపు పొద్దున్నే వజుభాయ్ టెంపో వస్తుందని తండ్రికి చెబుతున్నాడు. వజుభాయ్ మా నాన్న కాలం నుంచీ మన సరుకే తీసుకుంటాడు, మాట రానివ్వకూడదు అన్నాడు జమనాదాస్. మాట వచ్చే సరుకు కాదులే అన్నాడు విపుల్, భార్య వైపు చూడకుండా.

ముక్తాబెన్ హీర్ కంచంలో అప్పడం వేసింది. పిల్ల దాన్ని వాసన చూసి, తల్లి ముఖం చూసి, తినకుండా పట్టుకుంది. ఆ చూపు ఝంఖనా చూసింది. తినొచ్చు, ఇది మంచిదే అని కూతురికి చెప్పింది. తరవాత తన కంచం కొంచెం ముందుకు జరిపి మామగారి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"బాపూజీ, కోఠీలోంచీ కొట్టు పీపాలోంచీ తీసిన పాత నూనె సబ్బులవాడికి వెళ్ళలేదు. ప్రదక్షిణ గాఠియాలో కలిసింది. ఎంత కలిపితే తెలియకుండా ఉంటుందో నేను చెప్పిన లెక్కతోనే కొలిచి కలిపారు."

విపుల్ చెయ్యి కంచం మీదే ఆగింది. జమనాదాస్ కొడుకు వైపు చూశాడు. ముక్తాబెన్ కఢీ గరిటె గిన్నెలో పెట్టేసి అక్కడే కూర్చుండిపోయింది.

"రేపు టెంపో వచ్చేసరికి నేను కొట్టు దగ్గర ఉంటాను," అంది ఝంఖనా. "ఆ గాఠియా ఏ నూనెలో వేగిందో వజుభాయ్‌కి నేనే చెబుతాను. విన్నాక తీసుకెళ్తారో, వదిలేసి వెళ్తారో ఆయన ఇష్టం. ఇంట్లో అందరికీ ముందుగా చెప్పాలని చెబుతున్నాను."